సజ్జా కింద నాలుగు కెమెరాలు: కన్నం నుంచి కనెక్టర్ దాకా నా అనుభవం

ఇల్లు జీ ప్లస్ వన్, తూర్పు ముఖం. ముందు గేటు, పోర్టికో. ఉత్తరాన నాలుగడుగుల సందు. వెనక గిన్నెలు తోముకునే వాష్ ఏరియా. దక్షిణం వైపు నుంచి డాబా మీదికి బయటి మెట్లు. ఈ నాలుగు చోట్లకు నాలుగు సీసీటీవీ కెమెరాలు, హాల్లో అటక మీద రికార్డరు. కెమెరాలను బిగించడానికి పట్టింది మహా అయితే రెండు గంటలు. మిగతా రెండు ఆదివారాలూ ఎక్కడ బిగించాలో తేల్చుకోవడానికీ, కేబులు లాగడానికీ, నీళ్ళు పోకుండా కట్టుదిట్టం చేయడానికీ పోయాయి. ఎవరైనా వచ్చి మూడు గంటల్లో నాలుగూ బిగించి వెళ్ళారంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి వదిలేసి ఉంటారు. అది ఏదన్నది మొదటి వానాకాలంలో తెలుస్తుంది.

ఎంత ఎత్తున, ఎంత దూరానికి

కెమెరాను మొదటి అంతస్తు సజ్జా కింద, పదహారు పదిహేడు అడుగుల ఎత్తున బిగించడం చాలామందికి అలవాటు. దొంగ చేతికి అందకూడదని. చేతికి అందదు సరే, దొంగ మొహం కూడా కెమెరాకు అందదు. మనిషి మొహం నేల నుంచి ఐదున్నర అడుగుల ఎత్తున ఉంటుందనుకుందాం. పదడుగుల దూరంలో ఉన్న ఆ మొహాన్ని 16 అడుగుల ఎత్తు నుంచి చూడాలంటే కెమెరా దాదాపు 46 డిగ్రీలు కిందికి వంగాలి. అంత వాలు చూపులో కనిపించేది నడినెత్తి. టోపీ ఉంటే టోపీ. అదే కెమెరాను 9 అడుగులకు దించితే కోణం 19 డిగ్రీలే, కళ్ళూ ముక్కూ పడతాయి. తొమ్మిదడుగుల ఎత్తులో ఉన్నదాన్ని కర్రతో కొట్టి పక్కకు తిప్పేయొచ్చన్నది నిజమే. కొట్టడానికి వచ్చినవాడి మొహం మాత్రం అప్పటికే రికార్డయిపోయి ఉంటుంది.

అదృష్టం కొద్దీ మన ఇళ్ళలో ఈ ఎత్తు కట్టుబడిలోనే దొరుకుతుంది. కిటికీ సజ్జా లింటెల్ మట్టానికి, అంటే ఇంటి గచ్చు నుంచి ఏడడుగులకు ఉంటుంది. బేస్‌మెంటు బయటి నేల కంటే రెండడుగులు ఎత్తుంటే, సందులో నడిచేవాడికి అది సరిగ్గా తొమ్మిదడుగులు. పైగా సజ్జా వానకూ ఎండకూ గొడుగు. పోర్టికో స్లాబు అడుగు మాత్రం పదిన్నర అడుగులకు ఉంది. గేటు అక్కడికి 18 అడుగుల దూరం కాబట్టి వాలు కోణం పదహారు డిగ్రీలు కూడా దాటలేదు. దూరం పెరిగేకొద్దీ ఎత్తు చేసే నష్టం తగ్గుతుంది.

ఇక లెన్స్. దుకాణంలో ఏమీ అడగకపోతే చేతికి వచ్చేది 2.8 ఎంఎం. అది వెడల్పుగా చూపిస్తుంది, ఫోన్‌లో చూస్తే ముచ్చటగా ఉంటుంది, మొహాలు మాత్రం గుర్తుపట్టనివ్వదు. కెమెరాల ఏర్పాటుకు ఉన్న యూరప్ ప్రమాణం ఈఎన్ 62676-4, 2015 నాటి కూర్పు ప్రకారం, ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తించాలంటే అతనున్న చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్ళు ఉండాలి. తెలిసినవాణ్ణి పోల్చుకోవడానికి 125 చాలు. 4 మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా 2560 పిక్సెళ్ళు. దాన్ని 250తో భాగిస్తే 10.2 మీటర్లు. అంటే కెమెరా చూసే వెడల్పు 10.2 మీటర్లు దాటని చోటు వరకే మొహం పనికొస్తుంది. 2.8 ఎంఎం లెన్స్ సుమారు 100 డిగ్రీలు చూస్తుంది కాబట్టి ఆ హద్దు 4.3 మీటర్లకు, 14 అడుగులకు, ముగుస్తుంది. 4 ఎంఎం అయితే సుమారు 80 డిగ్రీలు, 20 అడుగుల దాకా వస్తుంది. 6 ఎంఎం అయితే 50 డిగ్రీల పైచిలుకు, 34 అడుగుల దాకా. ఈ డిగ్రీలు మోడల్‌ను బట్టి అటూఇటూ మారతాయి, డబ్బా మీద చూసి లెక్క వేసుకోవాలి. గేటుకు, సందుకు 4 ఎంఎం తీసుకున్నాను. వాష్ ఏరియా, మెట్లు చిన్న చోట్లు, వాటికి 2.8. ఇదంతా పగటి లెక్క. రాత్రి కెమెరా వేసే, కంటికి కనిపించని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వెలుతురులో, మనిషి కదులుతూ ఉంటే, ఇందులో మూడో వంతు కోసుకోండి.

ఆకారం సంగతి. సజ్జా అడుగున, స్లాబు అడుగున బిగించేదైతే కనుగుడ్డులా తిరిగే ఐబాల్ రకమే నా ఓటు. గాజు బుడగ ఉండే డోమ్‌లో దుమ్ము పట్టినా, లెన్స్ చుట్టూ ఉండే నల్ల రబ్బరు బుడగకు ఆనకపోయినా ఐఆర్ వెలుతురు లోపలే తిరిగి రాత్రి బొమ్మ మంచు పట్టినట్టు అవుతుంది. గొట్టంలా ఉండే బుల్లెట్ రకం గోడకు బాగుంటుంది కానీ గోడలోంచి పొడుచుకొచ్చిన కొమ్మలా ఉంటుంది. కోతులు తిరిగే ఊళ్ళో దాని గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పట్టుకుని ఊగుతాయి. మర్నాడు కెమెరా ఆకాశం చూస్తూ ఉంటుంది.

కొనేటప్పుడు ఇంకొకటి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో సీసీటీవీ కెమెరాలకు సైబర్ భద్రత పరీక్షలతో కూడిన ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. పాత సరుకు తక్కువ ధరకు వదిలించుకునేవాళ్ళు ఉంటారు, ఈ కొత్త ధ్రువీకరణ ఉందో లేదో అడిగి తీసుకోండి.

కన్నం వేయక ముందు ఒక రాత్రి

ఈ పనిలో నేను ఎవరికైనా ఒక్క సలహా ఇవ్వాలంటే ఇదే: డ్రిల్లు బయటికి తీయకముందు కెమెరాను తాత్కాలికంగా కట్టి ఒక రాత్రి చూడండి. కిటికీలోంచి కేబులు బయటికి లాగి, కర్రకో నిచ్చెనకో జిప్ టైలతో కెమెరాను కట్టి, అనుకున్న చోట ఆనించి ఫోన్‌లో చూడాలి. ఒకరు గేటు దగ్గర నుంచి నడిచి రావాలి. పగలు ఒకసారి, చీకటి పడ్డాక వీధి దీపం వెలిగాక ఒకసారి.

పోర్టికోలో నేను మొదట అనుకున్న చోటు స్లాబు మధ్య, లైటు పక్కన. పగలు అంతా బాగుంది. రాత్రి చూస్తే బొమ్మ పై అంచున తెల్లటి పట్టీ, దాని కింద గేటు నల్లగా. కెమెరా ముందు ఇంకా ఐదడుగుల తెల్ల సున్నం స్లాబు ఉంది. ఐఆర్ వెలుతురు దానికి కొట్టుకుని వెనక్కి వచ్చేసరికి, వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా మొత్తం బొమ్మను చీకటి చేసేసింది. లెన్స్ స్లాబుకు మూడంగుళాల కింద ఉంటుంది. బొమ్మ పై అంచు గీత అడ్డానికి ఏడెనిమిది డిగ్రీలు పైకి పోతే, రెండడుగులు దాటకముందే స్లాబుకు తగులుతుంది. కాబట్టి స్లాబు అంచు ఆ రెండడుగుల లోపే అయిపోవాలి. అంచు నుంచి ఐదంగుళాలు లోపలికి జరిపితే పట్టీ మాయమైంది, గేటు కనిపించింది. ఒకటిన్నర రెండడుగుల కిటికీ సజ్జా కింద ఈ బాధ తక్కువ.

అంచుకు మరీ చివరికి కూడా పోకూడదు. స్లాబు అంచున, సజ్జా అంచున అడుగువైపు తాపీ మేస్త్రీలు ఒక చిన్న గాడి తీస్తారు. పైనుంచి జారిన నీళ్ళు అడుగు పట్టుకుని లోపలికి పాకకుండా అక్కడే చుక్కలై రాలిపోవడానికి. కెమెరా ఎప్పుడూ ఆ గాడికీ గోడకూ మధ్యే ఉండాలి. గాడి లేని సజ్జా అయితే అంచు వెంట చిన్న పీవీసీ ఎల్ పట్టీ సిలికాన్‌తో అతికించండి, అదే పని చేస్తుంది.

సందులో ఇంకో చిక్కు. నాలుగడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. మామూలుగా పెడితే బొమ్మలో సగం రెండు వైపులా గోడలే, రాత్రి ఆ గోడలు తెల్లగా మెరిసి మధ్యలో దారి చీకటి. ఐబాల్‌ను లోపల 90 డిగ్రీలు తిప్పి, సెట్టింగ్స్‌లో కారిడార్ మోడ్ పెడితే బొమ్మ నిలువుగా వస్తుంది, దారంతా పడుతుంది. ఈ మోడ్ ఉందో లేదో కొనేముందే అడగాలి.

తూర్పు ముఖం గేటుకు పొద్దున ఎండ సూటిగా లెన్స్‌లో పడుతుంది. ఎండా నీడా రెండూ కనిపించేలా సర్దే డబ్ల్యూడీఆర్ సెట్టింగు ఆన్ చేస్తే కొంత నయం. అంతకంటే పనిచేసింది ఆకాశం బొమ్మలో ఐదో వంతుకు మించకుండా కెమెరాను కిందికి వంచడం.

కేబులు

పాత పద్ధతిలో మూడు సన్నటి తీగలు, ఒక కోయాక్స్ తీగ ఉండే 3+1 కేబులు, 12 వోల్టుల సప్లయి. కొత్తగా పెట్టుకునేవాళ్ళు ఒకే నెట్‌వర్క్ కేబులు మీద బొమ్మా కరెంటూ రెండూ పోయే పీఓఈ వైపు ఎందుకు వెళ్ళాలో ఒక లెక్కతో చెబుతాను. రాత్రి ఐఆర్ వెలిగినప్పుడు కెమెరా 6 వాట్లు తాగుతుందనుకోండి. 12 వోల్టుల దగ్గర అది అర ఆంపియరు. 3+1లోని సన్నటి తీగ 0.2 చదరపు మిల్లీమీటర్లదైతే, 30 మీటర్లు వెళ్ళి 30 మీటర్లు తిరిగి రావడానికి సుమారు 5 ఓంలు అడ్డు. రెండున్నర వోల్టులు దారిలోనే పోయి కెమెరాకు తొమ్మిదిన్నర చేరుతుంది. పగలు చక్కగా పనిచేసి, చీకటి పడగానే మిణుకుమిణుకుమని ఆరిపోయే కెమెరాల్లో చాలావాటి జబ్బు ఇదే. పీఓఈలో అవే 6 వాట్లు 48 వోల్టుల దగ్గర పోతాయి. కరెంటు ఎనిమిదో వంతు ఆంపియరే కాబట్టి, అదే తీగ మీద పోయేది అర వోల్టు పైచిలుకు, 48లో లెక్కలోకే రాదు.

నెట్‌వర్క్ కేబులు క్యాట్6 రకం, పూర్తి రాగి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసినది సగం ధరకు దొరుకుతుంది. తీగ కొనను బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది, రెండుమూడుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది. ఎండ తగిలే చోట పై తొడుగు నల్ల రంగుది తీసుకోవాలి. లేత రంగుల ఇండోర్ కేబులు తొడుగు మన ఎండలకు పెళుసెక్కి చిట్లుతుంది. నాకు గేటుకు 22 మీటర్లు, సందుకు 18, వెనక్కి 27, మెట్లకు 14 పట్టింది. రెండు కొనలా కలిపి ఒక్కోదానికి రెండు మీటర్లు అదనం వదిలితే 89. వంద మీటర్లు తెచ్చాను. ఒక్కో కేబులు వంద మీటర్లు దాటకూడదన్నది హద్దు, ఇళ్ళలో ఆ బెంగ లేదు.

బయట కేబులంతా 20 ఎంఎం పీవీసీ పైపులో. పదడుగుల పైపులు తొమ్మిది పట్టాయి. రెండడుగులకు ఒక క్లాంపు. మూడడుగులకు ఒకటి వేస్తే కోతి లాగినప్పుడు పైపు ఊడి వస్తుంది. ఒక పైపులో రెండు కేబుళ్ళు హాయిగా పోతాయి, మూడోది లాగాలంటే చెమటలు పడతాయి. పైపు నోరు తెరిచి ఉంచితే కుమ్మరి పురుగు నాలుగు రోజుల్లో మట్టితో మూసేస్తుంది. ఒక విధంగా అదీ సీలింగే కానీ, తర్వాత ఇంకో కేబులు లాగాలంటే పైపే కోయాలి.

డ్రిల్లు

బయటి గోడ తొమ్మిదంగుళాలు. ఒకేసారి 16 ఎంఎం బిట్టుతో లోపలి నుంచి బయటికి కొడితే, బిట్టు బయటికి వచ్చే చోట అరచేతి వెడల్పు ప్లాస్టరు పెచ్చు ఊడిపోతుంది. ముందు 6 ఎంఎం పొడవాటి బిట్టుతో సన్నగా దారి చేసి, తర్వాత పెద్ద బిట్టుతో రెండు వైపుల నుంచీ సగం సగం వేస్తే రెండు ముఖాలూ శుభ్రంగా ఉంటాయి. కన్నం లోపల ఎత్తు, బయట పల్లం. తొమ్మిదంగుళాలకు ఒక అంగుళం వాలు చాలు. వాలు తిరగబడితే వాన నీళ్ళు కేబులు పట్టుకుని హాల్లోకి వస్తాయి. కనెక్టరు లేని కేబులుకు 12 ఎంఎం కన్నం చాలు, కనెక్టరు తర్వాత కొట్టుకోవచ్చు. కెమెరా వెనక కనెక్టరుతో వేలాడే తోకను గోడలోకి దూర్చాలంటే 25 ఎంఎం కావాలి. ఆ తోక బయట జంక్షన్ బాక్సులో ఉంటేనే నయం, రేపు కెమెరా మార్చాలంటే గోడ ముట్టుకోనక్కర్లేదు. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన మాత్రం ఎక్కడా కన్నం వేయకండి, గోడలో వైరు పైపు అక్కడే దిగి ఉంటుంది.

సజ్జా కట్టుబడి తెలుసుకుని డ్రిల్లు పట్టుకోవాలి. గోడలోంచి ముందుకు వేలాడే పలక కాబట్టి, వంగకుండా పట్టి ఉంచే రాడ్లు పై ముఖానికి దగ్గరగా వేస్తారు. అడుగు నుంచి 40 ఎంఎం లోతు కన్నానికి సాధారణంగా అవి తగలవు. కాంక్రీటు పోసేటప్పుడు కూలీల కాళ్ళ కింద పడి అడుగుకు దిగిపోయిన రాడ్లూ ఉంటాయి, అది వేరే కథ. కొసలో సజ్జా మందం మూడంగుళాలే, పాతవాటిలో ఇంకా తక్కువ. బిట్టు పైకి తేలిందంటే కెమెరా నెత్తిన కుళాయి పెట్టినట్టే. అందుకే 40 ఎంఎం దగ్గర బిట్టుకు ఇన్సులేషన్ టేపు చుట్టి, టేపు సజ్జాకు ఆనగానే ఆపాలి. పోర్టికో స్లాబు సంగతి వేరు. రెండు బీముల మీద ఆనే స్లాబుకు రాడ్లు అడుగునే, ముప్పావు అంగుళం లోపలే ఉంటాయి. నాలుగు కన్నాల్లో ఒకటి రాడ్డుకు తగిలింది. తగిలితే డ్రిల్లు శబ్దం కీచుమని మారుతుంది, బిట్టు లోపలికి దిగడం ఆగిపోతుంది. మొండికేసి నొక్కితే బిట్టు మొన కాలిపోవడం తప్ప లాభం లేదు. కెమెరా అడుగు ప్లేటును కాస్త తిప్పి, అంగుళం పక్కన వేసుకోవాలి. బీము అడుగున అసలు వేయొద్దు. బీముకే బిగించాలంటే దాని పక్క ముఖం మీద, మధ్య ఎత్తులో.

ముందుగా సుత్తి పిడితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరు కాంక్రీటును వదిలేసిందని అర్థం. సజ్జా అడుగున తుప్పు మరకలు, చీలికలు ఉంటే కెమెరా కంటే ముందు మేస్త్రీని పిలవాలి. తల పైకెత్తి వేసే డ్రిల్లుకు కళ్ళజోడు తప్పనిసరి. పేపరు కప్పు అడుగుకు కన్నం చేసి బిట్టుకు తొడిగితే దుమ్ము అందులో పడుతుంది.

స్క్రూ పట్టడానికి కన్నంలో దూర్చే ప్లగ్గులు 6 ఎంఎం నైలాన్‌వి, 35 ఎంఎం స్టెయిన్‌లెస్ స్క్రూలు. డబ్బాలో వచ్చే తెల్ల ప్లగ్గులు నిలువు గోడకు ఫరవాలేదు కానీ అడుగున వేలాడదీసే బరువుకు నమ్మను. డబ్బా స్క్రూలూ తుప్పు పట్టి కిందికి గోధుమరంగు చారలు దిగుతాయి. అడుగున వేసే ప్లగ్గు ప్లాస్టరు దాటి కాంక్రీటులోకి దిగాలి. కన్నంలో దుమ్ము ఉంటే ప్లగ్గు తిరుగుతుంది, పట్టదు. సైకిలు పంపుతోనో పాత టూత్‌బ్రష్‌తోనో ఊడ్చాలి.

మెట్ల గది గోడ తేలికపాటి ఏఏసీ బ్లాకులతో కట్టింది. దాంట్లో హ్యామర్ మోడ్‌లో కొడితే కన్నం గొయ్యి అవుతుంది. హ్యామర్ ఆపి తిప్పుడు మీదే వేయాలి, ప్లగ్గు 8 ఎంఎంది, 60 ఎంఎం పొడవుది పెట్టాలి. నేను అది కూడా తప్పించి తలుపు పై లింటెల్‌లో, ఎత్తు సగం దగ్గర బిగించాను. అక్కడ కాంక్రీటు ఉంది.

పోర్టికోకు పీవీసీ ఫాల్స్ సీలింగ్ ఉన్నవాళ్ళకు ఒక మాట. ఆ పలకకు స్క్రూ వేస్తే నెల తిరక్కుండా వంగుతుంది. పలక పైన ప్లైవుడ్ ముక్క పెట్టి దానికి బిగించాలి, లేదా పొడవాటి స్క్రూతో పై ఫ్రేము పట్టుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళకు చూరు అడుగున ఉండే వినైల్ సాఫిట్‌దీ ఇదే తంతు. పలక పల్చన, పట్టు వెనకున్న చెక్కది. గాలి కోసం పలకలో చేసిన చిల్లులు మాత్రం మూసేయకూడదు.

నిచ్చెన అల్యూమినియంది అయితే స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు ఎటువైపు ఉందో చూసుకునే ఎత్తండి. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు ఎడం, కింద ఒక మనిషి.

కనెక్టరు, నీళ్ళు

రంగుల వరుస రెండు కొనలా ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈ కెమెరాలకు డేటా నారింజ, ఆకుపచ్చ జతల మీదే పోతుంది కాబట్టి నీలం, గోధుమ ఎలా ఉన్నా చల్తా అనుకునేవాళ్ళున్నారు. కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పీఓఈ స్విచ్చుల్లో కొన్ని కరెంటు పంపేది ఆ నీలం, గోధుమ జతల మీదే. అలాంటి స్విచ్చుకు అవి సరిగా కొట్టకపోతే కెమెరా అసలు లేవదు. కేబులు పై తొడుగు కనెక్టరు లోపలికి దూరి, వెనకున్న నొక్కు దాన్ని పట్టుకోవాలి. నా వెనక కెమెరా రెండో వారంలో అప్పుడప్పుడు ఆగిపోయింది. విప్పి చూస్తే తొడుగు బయటే ఉంది, లాగుడంతా సన్నటి తీగల మీద పడి ఒకటి కదిలిపోయింది. కోసి మళ్ళీ కొట్టాక మళ్ళీ ఆగలేదు. రెండు వందల రూపాయల టెస్టరు ఒకటి కొనుక్కుంటే ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగాయో లేదో నిచ్చెన ఎక్కకముందే తెలుస్తుంది.

కెమెరాతో పాటు ఒక చిన్న సంచిలో ప్లాస్టిక్ మూత, రబ్బరు వలయం, నట్టు వస్తాయి. వాటిని పారేయడం సాధారణంగా జరిగే తప్పు. నట్టు, రబ్బరు, మూత ఈ వరుసలో కేబులుకు ముందే ఎక్కించి, ఆ తర్వాతే కనెక్టరు కొట్టాలి. ముందు కొట్టేస్తే ఇవి ఎక్కవు, అప్పుడు టేపు చుట్టి సరిపెడతారు. టేపు నీళ్ళను ఆపదు, లోపలికి వెళ్ళినవాటిని బయటికి రానివ్వదు. ఆరు నెలలకు పిన్నుల మీద పచ్చటి చిలుము. పీఓఈలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి తడి తగిలిన పిన్ను ఇంకా తొందరగా తినేసిపోతుంది.

జంక్షన్ బాక్సు 4×4 అంగుళాలది, రబ్బరు గ్యాస్కెట్ ఉన్నది. కేబులు బాక్సులోకి అడుగు నుంచే దూరాలి. దూరే ముందు కేబులు బాక్సు కంటే కిందికి దిగి, యూ ఆకారంలో తిరిగి పైకి రావాలి. పైపు వెంట జారిన నీళ్ళు ఆ వంపు దగ్గర రాలిపోతాయి. గోడ మీది బాక్సుకు సిలికాన్ పై అంచున, రెండు పక్కలా పూయాలి, అడుగు అంచు వదిలేయాలి. నాలుగు వైపులా మూసేస్తే రాత్రి చల్లదనానికి లోపల చెమర్చిన తడికి దారి ఉండదు. సిలికాన్ వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తింటుంది, సిమెంటుకూ సరిగా పట్టదు. ట్యూబు మీద న్యూట్రల్ అని ఉన్నది అడగండి.

స్క్రూలు పూర్తిగా బిగించకముందు ఫోన్‌లో చూస్తూ కెమెరా తిప్పి, తర్వాత ఎల్ కీతో గట్టిచేయాలి. గాజు మీది పొర చివర్న తీయాలి. వేలిముద్ర పడితే రాత్రి ఒక తెల్లటి మసక అక్కడే నిలుస్తుంది, మెత్తటి బట్టతో తుడవాలి. సందు కెమెరాలో పక్కింటి కిటికీ పడింది. ప్రైవసీ మాస్క్‌తో ఆ భాగం నల్లగా చేశాను, అడగకముందే చేయడం మర్యాద.

రికార్డరు దగ్గర చెప్పేది తక్కువ. వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లయితే రోజుకు 21.6 జీబీ, నాలుగింటికి 86. రెండు టీబీ డిస్కు 23 రోజులకు నిండుతుంది. ఒకటిన్నర మెగాబిట్లకు తగ్గిస్తే 30 రోజులు వస్తుంది. జనం గుమిగూడే సంస్థలు 30 రోజుల రికార్డింగు ఉంచాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం చెబుతుంది. ఇళ్ళకు అది వర్తించదు కానీ ఊరెళ్ళి వచ్చేసరికి అంత ఉంటే నిశ్చింత. ఇన్వర్టరు మారే ఆ అరసెకనులో స్విచ్చూ రికార్డరూ ఆగి మళ్ళీ లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది, రెండింటికీ చిన్న యూపీఎస్ పెట్టాలి.

తర్వాత మిగిలేది సాలెపురుగు. రాత్రి కెమెరా చుట్టూ దోమలు చేరతాయి, దోమల కోసం అది లెన్స్ ముందే గూడు కడుతుంది. రాత్రి ఒక్క పోగు గాలికి ఊగినా కదలికల హెచ్చరికలు ఫోన్‌లో వరస కడతాయి. వారానికోసారి పొడవాటి బూజు కర్రతో దులపడం తప్ప నేను ప్రయత్నించిన వేపనూనె, పౌడర్లు ఏవీ పది రోజులు దాటి పనిచేయలేదు.

మొదటి పెద్ద వాన తర్వాత నాలుగు బాక్సులూ విప్పి చూశాను. మూడు పొడిగా ఉన్నాయి. వెనకదాంట్లో అర చెంచా నీళ్ళు. అక్కడ చోటు చాలక పైపును పక్క నుంచి బాక్సులోకి తిన్నగా దూర్చాను, వంపు లేదు. పైపు కోసి, కేబులును కిందికి దించి అడుగు నుంచి తిప్పాను. పక్క కన్నం మూసి, బాక్సు అడుగున 5 ఎంఎం కన్నం ఒకటి వేసి చీమలు పోకుండా దానికి దోమతెర ముక్క అతికించాను.